బెంగళూరులో క్రిమినల్ కేసు ఎదురైతే: ఫిర్యాదు నుంచి తీర్పు దాకా తెలుగువారికి ఒక దారి

రాత్రి పదకొండు గంటల వేళ మారతహళ్లిలోనో మడివాళలోనో పోలీసు స్టేషన్‌లో బల్ల ముందు నిలబడిన తెలుగు కుర్రవాడికి ఒక కాగితం చూపి "సహి మాడి" అంటారు. సంతకం అడుగుతున్నారని అతనికి అర్థమవుతుంది. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు దగ్గరివి కాబట్టి కూడబలుక్కుంటే చదివేసినట్టే అనిపిస్తుంది కూడా. కానీ ఆ కాగితం ఫిర్యాదా, వాంగ్మూలమా, పంచనామానా, తాను ఫిర్యాదిగా సంతకం చేస్తున్నాడా, సాక్షిగానా, ముద్దాయిగానా అన్నది తెలియకుండానే కలం అందుకుంటాడు. ఈ నగరంలో క్రిమినల్ కేసులు చూసే వకీలుగా నేను గమనించినంతవరకు, కోర్టు హాలులో పాడైన కేసుల కంటే ఆ బల్ల దగ్గర పాడైనవే ఎక్కువ. అందువల్ల నేరం, దర్యాప్తు, బెయిల్, విచారణ అనే నాలుగు విషయాలనూ ఒకే దారిలో చెప్పదలచుకున్నాను: ఏ దశలో ఏ కాగితం పుడుతుంది, అందులో ఏముండాలి, మీకు అర్థమయ్యే భాషలో దాన్ని తెలుసుకునే హక్కు చట్టం ఎక్కడ ఇచ్చింది.

కన్నడం రానివారు ముందు కొన్ని మాటలు పట్టుకోవాలి. ఠాణె అంటే స్టేషన్, దూరు అంటే ఫిర్యాదు, హేళికె అంటే వాంగ్మూలం, ఆరోపి అంటే మనం ముద్దాయి అనే మనిషి, బంధన అంటే అరెస్టు. తనిఖె అన్న మాట దగ్గర మనవారు తరచుగా పొరబడతారు. తెలుగులో తనిఖీ అంటే ఒకసారి చూసి పోవడమే, కన్నడంలో మాత్రం ఆ మాటకు కేసు దర్యాప్తు అని అర్థం. "తనిఖె నడుస్తోంది" అని విని, ఏదో చూసి వెళ్తారులే అని ఊరుకున్నవారిని నేను ఎరుగుదును.

ముందుగా తేదీ చూడండి

2024 జూలై 1 నుంచి దేశంలో మూడు కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. మొదటిది ఏది నేరమో, దానికి శిక్ష ఎంతో చెబుతుంది. రెండోది పోలీసులు, కోర్టులు ఏ పద్ధతిలో నడవాలో చెబుతుంది. మూడోది దేన్ని రుజువుగా తీసుకోవచ్చో చెబుతుంది. సంఘటన ఆ తేదీకి ముందు జరిగితే ఫిర్యాదు ఈరోజు ఇచ్చినా నేరం పాత పీనల్ కోడ్ కిందికే వస్తుంది. 420 అంటే మోసం, 302 అంటే హత్య అని మన నోళ్లలో నానిన అంకెలు కొత్త సంహితలో 318, 103 అయ్యాయి కాబట్టి, ఎఫ్ఐఆర్‌లోని సెక్షన్‌ను పాత జ్ఞాపకంతో చదివి కంగారు పడవద్దు.

నష్టం జరిగిన ప్రతిచోటా నేరం ఉండదు

నా దగ్గరికి వచ్చే తెలుగువారిలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఇంటి అడ్వాన్సు గురించి ఉంటుంది. బెంగళూరులో అద్దె ఇంటికి నెలల తరబడి అద్దెను డిపాజిట్‌గా తీసుకునే అలవాటు ఉంది; ఖాళీ చేసేటప్పుడు యజమాని రంగులకనీ మరమ్మతులకనీ సగం మినహాయించుకుంటే, అతని మీద మోసం కేసు పెట్టవచ్చా అని అడుగుతారు. దీనికి జవాబు క్రిమినల్ చట్టానికి పునాది అయిన ఒక సూత్రంలో ఉంది. చాలా నేరాలకు చేసిన పని ఒక్కటే చాలదు, ఆ పని వెనుక చట్టం చెప్పిన మనోభావం కూడా ఉండాలి. మోసమనే నేరానికి కావలసిన మనోభావం, డబ్బు తీసుకున్న రోజునే ఎగవేయాలన్న దురుద్దేశం. మొదట నిజాయితీగానే ఒప్పందం చేసుకుని, తర్వాత మాట తప్పినవాడు ఒప్పందాన్ని ఉల్లంఘించినవాడు అవుతాడు. అతని మీద సివిల్ కోర్టులో డబ్బుకు దావా వేయాలి. ఈ తేడాను సుప్రీంకోర్టు అనేక తీర్పులలో స్పష్టం చేసింది. అదే యజమాని తనది కాని ఇంటిని తనదేనని చూపించి అడ్వాన్సు తీసుకుని ఉంటే, లేదా ఒకే ఫ్లాటును ఒకే వారంలో నలుగురికి అద్దెకిచ్చి నలుగురి దగ్గరా డబ్బు తీసుకుని ఉంటే, మొదటి రోజునే దురుద్దేశం ఉందని ఆ నడవడే చెబుతుంది కాబట్టి అది నేరం అవుతుంది. అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు "నా డబ్బు ఇవ్వలేదు" అన్న వాక్యం కంటే, డబ్బు తీసుకున్న రోజున అతను ఏమి చెప్పాడు, అందులో ఏది అబద్ధం, ఆ అబద్ధం మీకు ఎలా తెలిసింది అన్న మూడు సంగతులు ఎక్కువ పనిచేస్తాయి.

అన్ని నేరాలకూ ఉద్దేశం అవసరం లేదు. రింగ్ రోడ్డు మీద బైకు నిర్లక్ష్యంగా నడిపి ఒకరి ప్రాణం పోవడానికి కారణమైనవాడికి చంపాలన్న ఉద్దేశం లేకపోయినా, నిర్లక్ష్యం వల్ల మరణానికి కారకుడైనందుకు న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. చట్టమే నేరం నుంచి మినహాయించిన సందర్భాలూ ఉన్నాయి. ఏడేళ్ల లోపు పిల్లలు చేసినది నేరం కాదు. ప్రాణాన్నో ఆస్తినో కాపాడుకోవడానికి, అవసరమైన మేరకే చేసిన ఆత్మరక్షణ నేరం కాదు. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద వేరే బోర్డు ముందుకు వెళుతుంది.

పీజీ హాస్టళ్లలో ఉండే కుర్రవాళ్ల కోసం మరొక సూత్రాన్ని వివరంగా చెప్పాలి. ఒకడికి పక్క గదివాడితో గొడవ అయితే తోడుగా ముగ్గురు వెళతారు. ఒకడు కొడతాడు, ఇద్దరు చూస్తూ నిలబడతారు. ఎఫ్ఐఆర్‌లో నలుగురి పేర్లూ ఉంటాయి. న్యాయ సంహిత సెక్షన్ 3(5) ప్రకారం, అందరికీ ఒకే ఉద్దేశం ఉండి దాని నెరవేర్పు కోసం ఒకరు చేసిన పనికి అందరూ తామే చేసినట్టు బాధ్యులవుతారు. అక్కడ నిలబడినంత మాత్రాన ఉమ్మడి ఉద్దేశం రుజువు కాదన్నది నిజమే, కానీ ఆ సంగతి తేలేది విచారణలో. అప్పటిదాకా నలుగురూ వాయిదాలకు తిరగవలసిందే. అయిదుగురు లేదా అంతకు మించి చేరితే చట్టవిరుద్ధ సమూహం అన్న మరో సెక్షన్ కూడా తోడవుతుంది. స్నేహితుడి కోసం వెళ్లడం మన సంస్కారం అంటారు. గొడవ ఆపడానికి వెళ్లినవాడు వెంటనే అత్యవసర నంబరు 112 కు ఫోన్ చేస్తే, తాను ఎందుకు వెళ్లాడో ఆ కాల్ రికార్డే రేపు చెబుతుంది.

ఎఫ్ఐఆర్ నమోదు చేయించడం

నేరాలను చట్టం రెండు విధాలుగా విడదీసింది. దొంగతనం, దోపిడీ, మోసం, హత్య వంటి కాగ్నిజబుల్ నేరాలలో పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, మేజిస్ట్రేటు అనుమతి కోసం ఆగకుండా దర్యాప్తు చేయవచ్చు. మామూలు చేయిచేసుకోవడం, తిట్టడం వంటి నాన్ కాగ్నిజబుల్ నేరాలలో మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా దర్యాప్తు మొదలుపెట్టకూడదు. అటువంటప్పుడు స్టేషన్‌లో ఎన్.సి.ఆర్. అనే నమోదు మాత్రమే చేస్తారు. ఎన్.సి.ఆర్. కాగితం చేతికి వస్తే ఎఫ్ఐఆర్ వచ్చిందనుకుని ఇంటికి వెళ్లకూడదు. ఫోను పోయిందంటే ఆన్‌లైన్‌లో ఇ-లాస్ట్ రిపోర్టు ఇచ్చుకోమని చెప్పడం కూడా ఇటువంటిదే; ఆ రిపోర్టు వస్తువు పారేసుకున్నవారి కోసం, ఎవరైనా లాక్కుపోతే అది సరిపోదు. జరిగినది దొంగతనమైతే దొంగతనమనే రాసి ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో డబ్బు పోయినవారు మాత్రం స్టేషన్‌కు బయలుదేరే ముందే సైబర్ మోసాల సహాయ నంబరు 1930 కు ఫోన్ చేయాలి, ఎందుకంటే డబ్బు మరో ఖాతాకు దాటకముందే ఆపించగలిగే సమయం చాలా తక్కువ.

కాగ్నిజబుల్ నేరం జరిగినట్టు ఫిర్యాదులోనే కనిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013 నవంబరులో లలితా కుమారి కేసులో తేల్చింది. కొత్త చట్టం ఒక సడలింపు ఇచ్చింది: మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలలో డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల లోపు ప్రాథమిక విచారణ చేయవచ్చు. మీ ఫిర్యాదును ఆ పద్ధతిలో తీసుకున్నారా అని అడిగి, తీసుకున్న తేదీని రాసుకోండి.

ఫిర్యాదు ఫలానా భాషలోనే ఉండాలని ఎఫ్ఐఆర్‌కు సంబంధించిన సురక్షా సంహిత సెక్షన్ 173 చెప్పదు (ఇకపై చెప్పే సెక్షన్లన్నీ ఈ సంహితవే). నోటితో చెబితే పోలీసులే రాసుకుని, రాసినదాన్ని మీకు చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. నా సలహా మాత్రం, ముందు ఇంట్లో తెలుగులో అంతా రాసుకుని, దాన్ని కన్నడంలోకో ఇంగ్లీషులోకో ఎవరిచేతనైనా మార్పించి తీసుకువెళ్లడం. తేదీ, సమయం, చోటు, చూసినవారి పేర్లు, పోయిన వస్తువు గుర్తులు అందులో ఉండాలి. కోపంతో కలిపిన అతిశయోక్తి ఒక్కటి ఉన్నా ఎదురు విచారణలో ముద్దాయి తరఫు వకీలు దాన్నే పట్టుకుంటారు. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదికి ఉచితంగా ఇవ్వాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపిన ఫిర్యాదు మీద మూడు రోజులలోపు వెళ్లి సంతకం చేయాలి.

శుక్రవారం రాత్రి మడివాళలో బస్సెక్కి తెల్లవారి కడపలోనో అనంతపురంలోనో దిగేసరికి పైన పెట్టిన లాప్‌టాప్ కనబడకపోతే ఎక్కడ ఫిర్యాదు చేయాలన్నది మనవారికి నిత్యం ఎదురయ్యే చిక్కు. ప్రయాణంలో జరిగిన నేరాన్ని ఆ ప్రయాణ మార్గంలోని ఏ కోర్టు అయినా విచారించవచ్చు. పైగా ఏ స్టేషన్ అయినా తన పరిధి కాదన్న కారణంతో ఫిర్యాదును తిప్పి పంపకూడదు. జీరో ఎఫ్ఐఆర్ కింద నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేయాలి. దిగిన ఊళ్లోనే ఫిర్యాదు ఇవ్వండి.

తీసుకోకపోతే ఏమి చేయాలి? ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి, బెంగళూరు నగరంలోనైతే ఆ డివిజన్ డీసీపీకి పంపాలి. అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేటు కోర్టులో ప్రమాణపత్రం జతచేసి, దర్యాప్తుకు ఆదేశించమని సెక్షన్ 175(3) కింద కోరాలి. పోస్టు రసీదు లేకుండా ఈ మెట్టు ఎక్కలేరు. మీ ఫిర్యాదును ముగించామని స్టేషన్ వారు హింబరహ అనే కాగితం ఇస్తే దాన్నీ దాచుకోండి. వారు ఎందుకు తిరస్కరించారో చూపే ఆధారం అదే.

అరెస్టు, అరెస్టుకు ముందు వచ్చే నోటీసు

ఏడేళ్ల వరకు శిక్ష పడగల నేరాలలో వెంటనే అరెస్టు చేయడం మామూలు పద్ధతి కాకూడదని 2014 నాటి సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది. అరెస్టు అవసరం కనబడనప్పుడు సెక్షన్ 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవాలి. ఆ నోటీసు అందినవారు భయపడి ఊరికి వెళ్లిపోవడం నేను చూసిన తప్పులన్నింటిలోకీ పెద్దది. నోటీసు ప్రకారం హాజరవుతున్నంతకాలం, పోలీసులు కారణాలు రాతపూర్వకంగా నమోదు చేస్తే తప్ప, అరెస్టు చేయకూడదు. హాజరు కాకపోతే ఆ కారణం మీరే చేతికిచ్చినట్టవుతుంది. వెళ్లిన ప్రతిసారీ హాజరైనట్టు ఒక రాత తెచ్చుకోండి.

అరెస్టు చేస్తే మెమో తయారు చేసి, కుటుంబ సభ్యుడో స్థానికుడో ఒకరి చేత సాక్షి సంతకం చేయించాలి. అరెస్టయిన మనిషి చెప్పిన బంధువుకో స్నేహితుడికో సమాచారం ఇవ్వాలి. ప్రశ్నించేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా కాకపోయినా మధ్యలో వకీలును కలిసే హక్కు ఉంది. స్త్రీలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి ఉంటే మహిళా అధికారి మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని చేయాలి. ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది రాజ్యాంగం 22వ అధికరణం చెప్పిన మాట.

పరాయి రాష్ట్రంలో ఉండే తెలుగువారికి అన్నింటికంటే అక్కరకు వచ్చేది 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు. ఏ నేరమైనా సరే, అరెస్టుకు కారణాలను అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని, వెంటనే ఇవ్వడం సాధ్యం కాని సందర్భంలో మొదట నోటితో చెప్పి, రిమాండు కోసం హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా ఆ కాగితం చేతికి అందించాలని ఆ తీర్పు చెబుతోంది. కన్నడం చదవలేని మనిషికి కన్నడ కాగితం ఇచ్చి ఊరుకుంటే ఈ షరతు నెరవేరదు. మేజిస్ట్రేటు ఎదుట నిలబడినప్పుడు, "కారణాలు నాకు తెలిసిన భాషలో ఇవ్వలేదు" అని గట్టిగా చెప్పి, ఆ మాటను నమోదు చేయమని కోరాలి. అక్కడ మౌనంగా ఉండి నెల తర్వాత చెబితే దాని బలం తగ్గిపోతుంది. వకీలును పెట్టుకోలేనివారు అదే నిమిషంలో న్యాయ సహాయం అడగవచ్చు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికి, స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

కాగితాల సంగతికి వస్తే, సాక్షిగా మీరు పోలీసులకు చెప్పిన వాంగ్మూలం మీద సంతకం చేయనక్కరలేదు. అటువంటి వాంగ్మూలం మీద చెప్పినవారి సంతకం తీసుకోకూడదని చట్టమే అంటోంది. పోలీసులకు ఇచ్చిన నేర అంగీకారం ముద్దాయి మీద రుజువుగా చెల్లదు, కానీ అతను చెప్పిన సమాచారం వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. పంచనామాను ఇక్కడ మహజరు అంటారు. దాని మీద పంచులు, అంటే పోలీసులు పిలిచిన సాక్షులు, సంతకం చేస్తారు, సోదాను, స్వాధీనాన్ని ఆడియో వీడియో రికార్డు చేయడం కొత్త చట్టం ప్రకారం తప్పనిసరి. పంచుగా పిలిచినప్పుడు ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే ఇవ్వకండి, ఎందుకంటే రెండేళ్ల తర్వాత బోనులో నిలబడి ఆ కాగితానికి జవాబు చెప్పవలసింది మీరే.

బెయిల్, స్థానిక జామీను చిక్కు

బెయిలబుల్ నేరంలో బెయిల్ హక్కు. పూచీకత్తు ఇస్తే స్టేషన్‌లోనే వదలాలి. వారం రోజులలో జామీను తెచ్చుకోలేనివారిని పేదవారిగా భావించి సొంత బాండు మీద విడిచిపెట్టాలని చట్టం చెబుతోంది. నాన్ బెయిలబుల్ నేరంలో కోర్టు విచక్షణ ఉంటుంది. అరెస్టు భయం ఉన్నవారు ముందస్తు బెయిల్‌కు సెషన్స్ కోర్టుకు గానీ హైకోర్టుకు గానీ వెళ్లవచ్చు. కేసు ఆంధ్రలోనో తెలంగాణలోనో నమోదై మీరు బెంగళూరులో ఉంటే, అక్కడి కోర్టుకు చేరేలోగా రక్షణ కోసం ఇక్కడి కోర్టు పరిమిత కాలానికి ముందస్తు బెయిల్ ఇవ్వగలదని సుప్రీంకోర్టు 2023 నవంబరులో చెప్పింది. కుటుంబ తగాదాల కేసులలో ఇది చాలామందికి ఉపయోగపడుతోంది.

మరొక బెయిల్ గురించి అడిగేవారు తక్కువ. దర్యాప్తు ముగించి ఛార్జిషీటు వేయడానికి, కస్టడీలో ముద్దాయి ఉన్నప్పుడు, నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల గడువు ఉంది. ఆ గడువు దాటిన మరుక్షణం బెయిల్ హక్కుగా మారుతుంది, కానీ అడిగినవారికే దక్కుతుంది. దరఖాస్తు పెట్టకముందే ఛార్జిషీటు వచ్చిపడితే ఆ హక్కు పోతుంది. జైలులో ఉన్నవారి ఇంటివారు కేలెండరు మీద రోజులు లెక్కపెట్టుకోవాలి.

ఉత్తర్వు వచ్చినా పరప్పన అగ్రహార జైలు నుంచి మనవాడు బయటికి రాకపోవడానికి తరచుగా కారణం జామీను. ఈ ఊళ్లో భూమి పహణి, ఇంటి ఖాతా అనే ఆస్తి పత్రాలు ఉన్న మనిషిని తెమ్మంటారు. రాయచోటి నుంచి వచ్చిన కూలీకి ఇక్కడ ఆస్తి ఉన్న చుట్టం ఎక్కడ దొరుకుతాడు? 1978 లో మోతీరాం కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ ఇదే అడిగారు. ఒక తాపీమేస్త్రీకి జామీనుగా వచ్చిన సోదరుడిని, ఆస్తి వేరే జిల్లాలో ఉందన్న కారణంతో కింది కోర్టు తిరస్కరించగా, దూరప్రాంతంలో అరెస్టయిన దక్షిణాది మనిషి అక్కడ ఆస్తిపరుడిని ఎలా తెస్తాడని ప్రశ్నించి ఆ పద్ధతిని తప్పుపట్టారు. ఇటువంటప్పుడు కోర్టులు స్థానిక జామీను షరతు పెట్టకుండా ఉండవచ్చునని 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ సూచించింది. మీ వకీలు ఈ రెండింటినీ చూపి షరతు సడలించమని, లేదా నగదు డిపాజిట్‌తో వదలమని దరఖాస్తు పెట్టాలి. కోర్టు బయట డబ్బు తీసుకుని జామీనుగా నిలుస్తామనేవారి దగ్గరికి మాత్రం వెళ్లవద్దు. వారి కాగితాలు దొంగవని తేలితే బెయిల్ రద్దవుతుంది, మీ మీద ఇంకొక కేసు మొదలవుతుంది.

ఛార్జిషీటు, బి రిపోర్టు

దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజులలోగా ఫిర్యాదికి తెలియజేయాలి. ముగిశాక పోలీసులు ఛార్జిషీటైనా వేస్తారు, కేసు మూసివేయమని నివేదికైనా ఇస్తారు. కర్ణాటకలో ఆరోపణ నిలవదన్నదాన్ని బి రిపోర్టు అని, నేరం నిజమే గానీ నిందితుడు దొరకలేదన్నదాన్ని సి రిపోర్టు అని అంటారు. బి రిపోర్టు వేసినట్టు నోటీసు వస్తే కేసు అయిపోయినట్టు కాదు; కోర్టులో ప్రొటెస్ట్ పిటిషన్ అనే అభ్యంతర పత్రం వేసి, దర్యాప్తులో ఎవరిని అడగలేదో, ఏ సీసీటీవీ చూడలేదో చెప్పవచ్చు. చాలామంది ఫిర్యాదుదారులు అప్పటికే గది మారి ఉండడంతో నోటీసు పాత చిరునామాకు పోతుంది. ఇల్లు మారినప్పుడల్లా స్టేషన్‌కు రాసి ఇవ్వండి. కోర్టులో కేసును గుర్తించే సి.ఎన్.ఆర్. నంబరు వచ్చాక ఇ-కోర్ట్స్ యాప్‌లో వాయిదాలు చూసుకోవచ్చు.

విచారణ ఎలా నడుస్తుంది

ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు మూడేళ్ల వరకు, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు ఏడేళ్ల వరకు జైలు శిక్ష వేయగలరు. హత్య వంటివి మేజిస్ట్రేటు ద్వారా సెషన్స్ కోర్టుకు వెళతాయి. ముద్దాయికి ఛార్జిషీటు, వాంగ్మూలాల నకళ్లు 14 రోజులలో ఇవ్వాలి. వాటిని మీ వకీలు దగ్గర కూర్చుని ప్రతి పుటా తెలుగులో చెప్పించుకోండి, సాక్షి ఎక్కడ తప్పు చెబుతున్నాడో మీకంటే బాగా ఎవరికీ తెలియదు. రుజువు ఏమీ లేదనిపిస్తే ఈ దశలోనే డిశ్చార్జి, అంటే విచారణ లేకుండానే కేసు నుంచి విడుదల, కోరవచ్చు, దానికి 60 రోజుల గడువు ఉంది.

తర్వాత కోర్టు అభియోగం చదివి, అర్థం చెప్పి, ఒప్పుకుంటారా అని అడుగుతుంది. చిన్న కేసులలో "ఒప్పుకుని ఫైను కట్టి పోదాం" అని తొందరపెట్టేవారుంటారు. ఒప్పుకోవడమంటే నేరస్థుడిగా తీర్పు తెచ్చుకోవడమే. ఉద్యోగానికి ముందు జరిగే పరిశీలనలో అది బయటపడుతుంది. కోర్టులో కేసు నడుస్తున్నవారికి పాస్‌పోర్టు నిరాకరించే అధికారం కూడా 1967 నాటి పాస్‌పోర్టు చట్టంలో ఉంది కాబట్టి, విదేశం వెళ్లవలసినవారు కోర్టు అనుమతి ముందే తెచ్చుకోవాలి. రాజీ కుదిరే నేరాలు వేరు: కొట్టడం వంటివాటిలో దెబ్బ తిన్నవారు కోర్టు అనుమతి లేకుండానే రాజీ పడవచ్చు, మోసగించి డబ్బు తీసుకోవడం వంటివాటికి కోర్టు అనుమతి కావాలి, పెద్ద నేరాలకు రాజీ లేదు.

ఒప్పుకోకపోతే సాక్ష్యం మొదలవుతుంది. రుజువు భారం ప్రాసిక్యూషన్‌ది. సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు చేయలేకపోతే ముద్దాయిని నిర్దోషిగా వదలాలి. ప్రతి సాక్షినీ మొదట ప్రాసిక్యూటరు ప్రశ్నిస్తారు, తర్వాత ముద్దాయి వకీలు ఎదురు విచారణ చేస్తారు. ఇక్కడ భాష మళ్లీ ముందుకు వస్తుంది. కింది కోర్టుల భాష కన్నడం, కానీ మీరు తెలుగులో సాక్ష్యం చెప్పవచ్చు. వీలైతే ఆ భాషలోనే, లేకపోతే అనువాదంగా నమోదు చేస్తారు. రాసినది మీకు రాని భాషలో ఉంటే, దాన్ని మీకు తెలిసిన భాషలో వినిపించాలని సెక్షన్ 313 చెబుతోంది. తప్పు కనబడితే మీ అభ్యంతరాన్ని న్యాయమూర్తి నమోదు చేస్తారు. అలాగే సాక్షి చెప్పేది ముద్దాయికి అర్థం కాకపోతే బహిరంగ కోర్టులోనే అతనికి తెలిసిన భాషలో చెప్పించాలని సెక్షన్ 314 అంటోంది. దుబాసీని అడగడానికి సిగ్గుపడకండి. వచ్చీ రాని కన్నడంలో జవాబిచ్చి, "అతను కొట్టాడు" అన్నది "అతన్ని కొట్టారు" అని నమోదైతే కేసు మొత్తం తలకిందులవుతుంది.

ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిశాక న్యాయమూర్తి ముద్దాయిని నేరుగా ప్రశ్నిస్తారు. ప్రమాణం ఉండదు, జవాబు చెప్పకపోయినా, తప్పు చెప్పినా అందుకు శిక్ష లేదు, కానీ చెప్పినదాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చు. "తెలియదు" అని అన్నింటికీ ఒకే మాట చెప్పే అలవాటు మంచిది కాదు. మీకు నిజంగా ఒక వివరణ ఉంటే చెప్పవలసిన చోటు ఇదే. ఆ తర్వాత ముద్దాయి తన సాక్షులను పిలవవచ్చు, ఆపైన వాదనలు, తీర్పు. సెషన్స్ కేసులలో వాదనలయ్యాక 30 రోజులలో, కారణాలు రాస్తే 45 రోజులలో తీర్పు రావాలి.

ఈ మొత్తం కాలంలో వాయిదా తప్పితే నాన్ బెయిలబుల్ వారెంటు వస్తుంది. ఊళ్లో పెళ్లి ఉన్నా, ఆఫీసులో రిలీజ్ ఉన్నా, ముందే వకీలు ద్వారా ఆ రోజుకు మినహాయింపు పిటిషన్ వేయించాలి.

తీర్పు తర్వాత

మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టుకు 30 రోజులలో, సెషన్స్ కోర్టు శిక్ష మీద హైకోర్టుకు 60 రోజులలో అప్పీలు వేయాలి. తీర్పు నకలు తెచ్చుకోవడానికి పట్టిన రోజులను ఈ లెక్క నుంచి తీసేస్తారు. ముద్దాయిని వదిలేస్తే, తక్కువ నేరానికి శిక్షిస్తే, పరిహారం చాలకపోతే బాధితులు కూడా అప్పీలు చేయవచ్చు. జైలు శిక్ష పడినవారికి తీర్పు నకలు వెంటనే ఉచితంగా ఇవ్వాలి. దానితో పాటు, ముద్దాయి కోరితే సాధ్యమైనంతవరకు అతని సొంత భాషలోకి అనువాదం ఇవ్వాలని సెక్షన్ 404 లో ఉంది. ఆ అనువాదం అడిగినవారిని నేను చాలా తక్కువమందిని చూశాను. తీర్పు చెప్పిన రోజునే, కోర్టు హాలు దాటకముందే, తెలుగు అనువాదం కావాలని ఒక పుట దరఖాస్తు రాసి ఇచ్చి, దాని మీద కోర్టు ముద్ర వేయించుకోండి.